మందగతి గృహం

మా ఊళ్లో పిల్లను ఒకటో తరగతిలో చేర్చాలంటే పిల్లకు ఐదేళ్లు నిండాలి, ఇంట్లో ఉన్న వైఫై డబ్బాకు నూరు నిండాలి. మొదటిది పెంచలస్వామి దయవల్ల మార్చిలోనే నిండింది. రెండోది నిండడానికి నేను పడిన పాట్లే ఈ రాత.

నిబంధనను తప్పుపట్టాలని నాకు లేదు. పెద్ద చదువులు చదివినవాళ్లు కూర్చుని ఆలోచించి పెట్టింది. ఆదర్శ ప్రాథమిక పాఠశాల గేటుకు అంటించిన కాగితంలో కారణం కూడా రాశారు. డబ్బా నెమ్మదిగా నడిచే ఇళ్లలో పిల్లలు కూడా నెమ్మదిగా నడుస్తున్నారని ఎక్కడో ఎవరో పరిశోధించి తేల్చారట. అందుకని ఈ ఏడు నుంచి దరఖాస్తుతో పాటు ‘గృహ వేగ ధ్రువపత్రం’ జతపరచాలి. వేగం నూరు ఎంబీకి తగ్గిన ఇంటిని మందగతి గృహంగా గుర్తించి తలుపుకు పసుపు చీటీ అంటిస్తారు. చీటీ ఉన్న ఇంటి బిడ్డకు సీటు లేదు.

మా అమ్మాయి పేరు చరిష్మ. మా వార్డులో ఉన్న చిన్న బడిని పోయినేడు ఈ ఆదర్శ పాఠశాలలో కలిపేశారు. ఇది కాకపోతే ఇంకో బడి హైవే దాటాక ఉంది. ఆ హైవే మీద నిమ్మకాయల లారీలు ఎంత జోరుగా పోతాయో మా ఆయన పెంచలయ్యను అడిగితే చెబుతాడు, మండీలో వాటికి బస్తాలు ఎత్తేది ఆయనే. పోనీ వచ్చే ఏడు చేర్చుదామంటే, ఆరేళ్లు నిండిన పిల్లను ఒకటిలో తీసుకోరని ఇంకో నిబంధన ఉంది. అంటే ఈ జూన్ ముప్పై లోపు చేరితే చేరినట్టు, లేకపోతే లేదు. నేను ఎనిమిదిలో మానేసినదాన్ని. దరఖాస్తులో ‘తల్లి విద్యార్హత’ అన్న గడిలో ఆ అంకె వేసినప్పటి నుంచే నాకు గుండెదడ.

డబ్బా గురించి చెప్పాలి. రెండేళ్ల కిందట ఏదో పథకం కింద మా వీధిలో ఇంటికొకటి ఉచితంగా ఇచ్చారు. తెల్లగా ఉంటుంది, మూడు కొమ్ములు ఉంటాయి. రౌటరు అంటారు. దానికి ఇంటర్నెట్ తెచ్చే వైరు తర్వాత వస్తుందన్నారు. వైరు కోసం స్తంభాలు పాతారు. స్తంభానికీ స్తంభానికీ మధ్య ఇప్పుడు మేము బట్టలు ఆరేసుకుంటున్నాం. వైరు మాత్రం రాలేదు. అయినా డబ్బాను ఆపకూడదనీ, ఆపితే పై ఆఫీసులో తెలిసిపోతుందనీ ఇచ్చినప్పుడే హెచ్చరించారు కాబట్టి, రెండేళ్లుగా అది టీవీ పక్కన పచ్చ దీపం మిణుకుమిణుకుమనిపిస్తూ ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని ఉంది.

గృహ వేగ పరిశీలకులు పరాంకుశం గారు మే నెలాఖరులో, రోహిణి కార్తె ఎండలో, మధ్యాహ్నం పన్నెండున్నరకు వచ్చారు. పరికరం కఠిన పరిస్థితుల్లో ఎలా పనిచేస్తుందో చూడాలని మార్గదర్శకాల్లో ఉందట. అందుకని ఆయన పన్నెండుకూ మూడుకూ మధ్య తప్ప కొలవరు. చేతిలో గొడుగు, మెడలో కార్డు, ఆఫీసువారిచ్చిన ఫోను. ఆ ఫోనును డబ్బాకు మూరెడు దూరంలో పెట్టి కళ్లు మూసుకున్నారు. డబ్బా దానితో ఎంత వేగంగా మాట్లాడగలదో ఆ ఫోనే చెబుతుంది. అరవై రెండు అని చెప్పింది.

“క్షేత్రస్థాయిలో సామర్థ్యం ఆశించిన మేరకు లేదు” అన్నారాయన.

నేను చీర కొంగు నలుపుకుంటూ అడిగాను. “సార్, మాకు అసలు లైనే రాలేదు గదా. వేగం ఎట్టా వస్తాది?”

“లైను రావడం వేరే శాఖ పరిధిలోని అంశమమ్మా. ఆ శాఖ పనితీరుపై వ్యాఖ్యానించే అధికారం మాకు లేదు. మేము డబ్బా సంసిద్ధతను మాత్రమే అంచనా వేస్తాం. రోడ్డు పడలేదని బండికి బ్రేకులు చూడకుండా ఉంటామా?”

ఆ మాటలో న్యాయం ఉన్నట్టే అనిపించింది. ఆయన తలుపుకు పసుపు చీటీ అంటించి, పునఃపరిశీలనకు పది రోజులు గడువిచ్చి, చీటీ చింపితే అది మరో శాఖ చూసే నేరమవుతుందని చెప్పి, రెండు గ్లాసుల మజ్జిగ తాగి వెళ్లారు.

పక్కింటి సుగుణమ్మత్త వచ్చి చీటీ చూసి ముక్కు మీద వేలేసుకుంది. పిల్ల నాలుగో నెలలోనే బోర్లాపడింది, దానికి మందగతి ఏందమ్మే అని చాలాసేపు బాధపడింది. వాళ్ల మనవడి పేరు మీదా చీటీ పడిందని ఆ తర్వాత చెప్పింది. సాయంత్రానికి మా వీధిలో చీటీ లేని తలుపు లేదు. పెళ్లిళ్ల సీజనులో గడపలకు పసుపు పూసినట్టు వీధంతా కళకళలాడింది.

బస్టాండు ఎదురుగా సెల్‌ఫోన్లు బాగుచేసే ఖాజా అన్న ఉన్నాడు. డబ్బాను తువ్వాలులో చుట్టుకుని, చరిష్మను చంకనెత్తుకుని ఆయన దగ్గరికి పోయాను. ఆయన డబ్బాను అటూ ఇటూ తిప్పి, తన కంప్యూటరుకు తగిలించి, దీనికి మందు ఉందని చెప్పాడు.

“ఓవర్‌క్లాకింగ్ అంటారమ్మా దీన్ని. లోపల చిప్పు ఎంత జోరుగా కొట్టుకోవాల్నో కంపెనీవోళ్లు ఒక అంకె కట్టి పెట్టుంటారు. దీనికి ఐదొందల ఎనభై. ఆ కట్టు విప్పి నేను ఏడొందలు పెడతా. ఇదే డబ్బా పరిగెత్తతాది.”

దానివల్ల నష్టం ఏమిటని అడిగాను. ఏ పనికైనా ముందు నేను అడిగేది అదే.

“కాగతాది. మనిషి పరిగెత్తితే ఒళ్లు కాగదా? చల్లంగా పెట్టుకో. మరీ తోలితే పడిపోతాది, ఆపి మళ్లీ లేపాల. ఇంకా తోలితే లేవదు.”

“పసిది తట్టుకుంటుందా అన్నా?”

“డబ్బా గురించి గదా నేను చెప్తుండేది” అన్నాడు ఖాజా అన్న. నేనూ దాని గురించే అడిగానన్నాను.

ఇంటికి తెచ్చి పెట్టి, ఆయన మా ఫోనులో ఎక్కించి ఇచ్చిన కొలతతో చూస్తే ఎనభై ఎనిమిది వచ్చింది. మనసు కుదుటపడింది. అరగంట తర్వాత మళ్లీ చూస్తే డెబ్భై ఒకటి. డబ్బా మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. వేడి దిగితే తప్ప వేగం నిలవదని అర్థమైంది. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే టేబుల్ ఫ్యాను. దాన్ని చరిష్మ చాప దగ్గర నుంచి డబ్బా దగ్గరికి జరిపాను. జరిపేటప్పుడు పిల్ల వైపు చూడలేదు.

వీధిలో ఆడవాళ్లందరూ పురిటింటికి వచ్చినట్టు చూడవచ్చారు. తడిగుడ్డ చుట్టమని ఒకామె, చుడితే లోపల చెమ్మ చేరుతుంది గనక పైన పందిరిలా కట్టమని ఇంకొకామె. పగలు నలుగురి కళ్లూ పడనివ్వొద్దని సుగుణమ్మత్త ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు. “చూసినావా మే, ఎంత దిష్టి ఉండాదో” అంది. ఆమె మాట కొట్టేయలేకపోయాను. దిష్టి తీసిన తర్వాత తొంభై ఒకటి చూపించింది మరి.

గడువు ఇంకా నాలుగు రోజులుందనగా పెంచలయ్య ఒక ఉపాయం చెప్పాడు. మండీలో తాగే నీళ్ల కుండను తడి ఇసుకలో పెడతారట, ఎంత ఎండకైనా నీళ్లు మంచులా ఉంటాయట. అలాగే చేశాం. పెద్ద బానలో తడి ఇసుక, ఇసుకలో కొత్త కుండ, కుండలో డబ్బా, పైకి మూడు కొమ్ములు. ఖాజా అన్న దగ్గరికి మళ్లీ పోయి ఏడొందల అరవై పెట్టించుకుని వచ్చాను. నూట నాలుగు వచ్చింది. మా ఆయన ఫోను చూసి, బాన చూసి, ఇది మన ఇంటి దీపం కదా అన్నాడు. ఆయన ఎప్పుడో గాని అలా మాట్లాడడు.

పరాంకుశం గారు చెప్పిన రోజున చెప్పిన ఎండలో వచ్చారు. ఫోను నూట నాలుగు చూపించింది. ఆయన ఫోను వైపు కొంతసేపు, బాన వైపు చాలాసేపు చూశారు.

“వేగం సంతృప్తికరం. అయితే పత్రం పేరు గృహ వేగ ధ్రువపత్రం. డబ్బా కుండలో ఉంది. కుండ వేగాన్ని గృహ వేగంగా పరిగణించవచ్చునా అనే అంశంపై స్పష్టత అవసరం.”

“కుండ ఇంట్లోనే ఉండాది గదా సార్.”

“అది మీ అభిప్రాయం. మీ అభిప్రాయాన్ని పైకి నివేదిస్తాను.”

ఆ మాట పైకి పోయి, అక్కడ ముగ్గురు సభ్యుల ఉపసంఘం చేతిలో పడి, ఆరో రోజుకు కిందికి దిగింది. అప్పటికి జూన్ సగం అయింది. కుండ గృహంలో ఉన్నంత కాలం కుండలోనిది గృహంలోనిదేనని ఉపసంఘం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. కాగితం అక్కడితో అయిపోలేదు. ఖాజా అన్న పుణ్యమా అని మా చుట్టుపక్కల యాభై రెండు ఇళ్లు నూరు దాటాయనీ, బడిలో ఉన్నవి ముప్పై సీట్లనీ, కాబట్టి ఇకపై ఎవరి డబ్బా ఎక్కువ వేగంగా ఉంటే వారికి వరుసగా సీటు ఇస్తారనీ ఉంది. చివరి కొలత జూన్ ఇరవై రెండున. ఆ కింద చిన్న అక్షరాల్లో, గృహంలో డబ్బాకు అందే వసతులు విద్యార్థికి అందే వసతులకు ఏమాత్రం తీసిపోరాదని కూడా ఉంది.

ఆ వసతులు చూడడానికి పరాంకుశం గారు ప్రత్యేకంగా వచ్చారు. పిల్లకు చాప ఉంది, డబ్బాకు ఏదని అడిగారు. బాన కింద చాప వేశాను. పిల్లకు దిండు ఉంది కదా అన్నారు. ఉన్నది ఒకటేనని చెప్పాను. ఆయన కలం తీశారు. నేను దిండు తెచ్చి బానకు ఆనించాను. పిల్లకు రెండు పూటలా అన్నం పెడుతున్నామని చెప్పుకోబోయి, ఎందుకైనా మంచిదని నోరు మూసుకున్నాను.

ఆయన వెళ్లాక చరిష్మ బాన దగ్గరికి వచ్చి, మూడు కొమ్ములనూ లెక్కపెట్టి అడిగింది.

“అమా, బడికి పొయ్యేది నేనా, ఇదా?”

“నువ్వే నా తల్లీ. ఇది పాసైతే నిన్ను రానిస్తారు.”

“మరి దీనికి పలక కొనలేదే?”

నేను నవ్వాను. అప్పట్లో అది నవ్వే మాటే.

ఆ వారం మా వీధిలో మాటలు ఆగిపోయాయి. ఎవరి డబ్బా ఎంతకు చేరిందో ఎవరూ బయటికి చెప్పరు. చేపల మార్కెట్టు నుంచి మంచుగడ్డలు తట్టల్లో వస్తున్నాయి, ఏ ఇంటికి వస్తున్నాయో తెలియకుండా పైన గోనెసంచి కప్పుతున్నారు. నాలుగిళ్ల అవతల వాళ్లు బంధువుల కూలరు అరువు తెచ్చారని, వంటింటికి మట్టి గోడ కట్టి డబ్బాను అందులో ఉంచారని వినికిడి. సుగుణమ్మత్త నా మొహం చూడడం మానేసింది. మా పిల్లా వాళ్ల మనవడూ ఒకే అరుగు మీద ఆడుకునేవాళ్లు. ఆమె అల్లుడు వచ్చి ఆ పిల్లవాడిని లోపలికి పిలిచి తలుపు వేసుకున్నాడు. మా డబ్బా అంకె పిల్ల నోట జారుతుందేమోనని నేనూ చరిష్మను లోపలికి పిలిచాను.

ఖాజా అన్న ఎనిమిదొందల దాకా పెట్టి చేతులు కడుక్కున్నాడు. పైకి పోతే తన పూచీ లేదన్నాడు. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. ఆయన నిట్టూర్చి ఎనిమిదొందల అరవై పెట్టాడు. ఇంటికి తెచ్చి తగిలించిన గంటలోపే అది రెండుసార్లు పడిపోయింది. పచ్చ దీపం ఆరిపోతే వెనక మీట ఆపి, పది అంకెలు లెక్కపెట్టి, మళ్లీ నొక్కాలి. మూడోసారి పడినప్పుడు చరిష్మ కూడా నాతోపాటు లెక్కపెట్టింది. ఒకటి నుంచి పది దాకా దానికి అలా వచ్చింది.

ఇరవయ్యో తేదీన పిల్లకు ఒళ్లు కాలింది. ఫ్యాను లేని ఇల్లు, పైన రేకులు, జూన్ వచ్చినా చినుకు లేదు. నీళ్లలో గుడ్డ తడిపి నుదుటి మీద వేస్తుంటే నర్సమ్మ వీధిలోకి రావడం కనిపించింది. ఎదురు పరిగెత్తాను. ఆమె ఆగలేదు. డబ్బాలకు వేడి ఎక్కువవుతోందని పైవాళ్లకు తెలిసి, ఇంటింటికీ తిరిగి రోజుకు రెండుసార్లు డబ్బా జ్వరం చూసి రాయమని ఆమెను వేశారట.

“ఈ వారం మనుషులకు లేదమ్మా. డబ్బాలకే” అంది, నడుస్తూనే.

ఆమె మా ఇంట్లోకి వచ్చి, జ్వరం చూసే తుపాకిని బాన వైపు పెట్టి చూసి రాసుకుంది. పక్కన చాప లేకుండా గచ్చు మీద పడుకున్న పిల్లను చూసింది. గుమ్మం వైపు ఒకసారి చూసి, తుపాకిని పిల్ల నుదుటికి ఆనించింది. నూట రెండు. సంచిలోంచి ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, తెల్ల మాత్రలు నాలుగు తీసి నా చేతిలో పెట్టి, సగం సగం మాత్ర వేయమని చెప్పింది. ఇచ్చినవాటికి లెక్క చూపాలి కదా. పుస్తకంలో ‘డబ్బా నీరసంగా ఉన్నందున ఓఆర్ఎస్ ఇవ్వడమైనది’ అని రాసి సంతకం పెట్టుకుంది. ఆ తల్లి కడుపు చల్లగా ఉండాలి.

ఆ రోజు నేను ఫ్యానును రెండుసార్లు పిల్ల వైపు తిప్పాను. రెండుసార్లూ డబ్బా పడిపోయింది. రెండుసార్లూ ఫ్యానును మళ్లీ దాని వైపు తిప్పి, పిల్లకు చేత్తో విసిరాను. ఏ తల్లి అయినా నన్ను తిట్టవచ్చు. తిట్టే ముందు మీ పిల్లకు బడి ఎక్కడుందో చెప్పండి.

ఇరవై రెండున పరాంకుశం గారు వచ్చేసరికి పిల్లకు జ్వరం దిగింది. డబ్బాకు దిగకుండా చూసుకోవడమే మిగిలింది. పెంచలయ్య మండీకి సెలవు పెట్టి ఒక పక్క విసనకర్రతో, ఒక పక్క ఫ్యాను, ఇసుకలో మంచుగడ్డలు. ఇంట్లో అందరం మెల్లగా ఊపిరి పీల్చాం, గదిలో వేడి పెరగకుండా. ఫోను నూట ఇరవై ఒకటి చూపించింది. పచ్చ దీపం ఒక్కసారి వణికింది, ఆరలేదు. ఆయన రాసుకున్నారు.

జాబితా ఇరవై ఎనిమిదో తేదీన పెట్టారు. ముప్పైలో మాది ఇరవై తొమ్మిది. సుగుణమ్మత్త మనవడిది పదకొండు. ఆమె ఆ సాయంత్రమే గిన్నె నిండా పులిహోర తెచ్చి, ఏందమ్మే ఇంత చిక్కిపోయినావు అని పలకరించింది.

మర్నాడు పిల్లకు తలంటి, కొత్త గౌను వేసి బడికి తీసుకుపోయాను. ప్రధానోపాధ్యాయురాలు సామ్రాజ్యం టీచరు మంచావిడ. కళ్లజోడు ముక్కు చివరికి దించి జాబితా చదివింది.

“ఇరవై తొమ్మిది. కె ఎల్ ఏడు సున్నా నాలుగు నాలుగు తొమ్మిది రెండు. తల్లి పేరు మీదే. వయసు రెండేళ్లు, సడలింపు ఇచ్చారు. తెచ్చారా?”

పిల్లను ముందుకు తోశాను.

“ఇదెవరు?”

“చరిష్మ మేడం. నా కూతురు. సీటు దీనికే.”

టీచరు జాబితాను నా వైపు తిప్పింది. ముప్పై వరుసలు ఉన్నాయి. ముప్పై వరుసల్లోనూ డబ్బాల నంబర్లు ఉన్నాయి. ధ్రువపత్రం ఇచ్చేది డబ్బా నంబరు మీద కాబట్టి, ధ్రువపత్రాల నుంచి తీసిన జాబితాలోనూ అదే వచ్చిందట. పిల్లల పేర్లు ఎక్కడున్నాయని అడిగాను. దరఖాస్తులో ఉన్నాయి, దరఖాస్తులు వేరే ఆఫీసులో ఉన్నాయి అంది. సవరణకు రాశారా అని అడిగాను. రాస్తే ఈ జాబితా రద్దయి మళ్లీ మొదటి నుంచి కొలతలు పెడతారు, రేపు ముప్పై అంది.

కుర్చీ లేదు కాబట్టి కూలబడలేదు.

సామ్రాజ్యం టీచరు కళ్లజోడు తీసి తుడుచుకుంది. గొంతు తగ్గించింది. “సీటు డబ్బాది. దాన్ని నేను మార్చలేను. కానీ ప్రవేశ రిజిస్టరులో చివర ‘జతపరచినవి’ అని ఒక గడి ఉంటుందమ్మా. డబ్బాతో పాటు ఏం జతపరిచారో అందులో రాయొచ్చు. జతపరచినవి మేం వెనక్కి పంపం. అది రూలు.”

రిజిస్టరు ముందుకు లాగి రాసింది. నేను అక్షరం అక్షరం చదువుకున్నాను. కె ఎల్ ఏడు సున్నా నాలుగు నాలుగు తొమ్మిది రెండు, ఒకటో తరగతి. జతపరచినవి: బాలిక, ఒకటి.

అలా చేరింది నా బిడ్డ. ముప్పై డబ్బాలు బెంచీల మీద, ఒక ప్లగ్గు నుంచి పాములా పోయిన వైరుకు తగులుకుని కూర్చున్నాయి. పక్కన ముప్పై మంది పిల్లలు జతపరిచి ఉన్నారు. ఫ్యాన్లు రెండూ బెంచీల వైపు తిప్పారు కాబట్టి పిల్లలకు కూడా కాస్త గాలి వచ్చేది, మా ఇంటి కన్నా నయం. టీచరు నంబరు చదువుతుంది, పచ్చ దీపం వెలుగుతుంటే హాజరు వేస్తుంది. తర్వాత నల్లబల్ల వైపు తిరిగి అ, ఆ చెబుతుంది. డబ్బాలు వినేవి, పిల్లలు దిద్దేవాళ్లు. నేను గేటు బయట వేపచెట్టు కింద నిలబడి కిటికీలోంచి చూసేదాన్ని. చరిష్మ నాలుక బయటపెట్టి పలక మీద వంగి ఉంటే, అన్ని కష్టాలూ మర్చిపోయేదాన్ని.

నాలుగో రోజు మా డబ్బాలోంచి పొగ వచ్చింది. ఖాజా అన్న చెప్పినట్టే జరిగింది. పది లెక్కపెట్టి మీట నొక్కినా లేవలేదు. ఇరవై లెక్కపెట్టినా లేవలేదు. చరిష్మకు ఇరవై దాకా రాదు, అయినా ఏదో లెక్కపెట్టింది. అదే రోజు ఇంకో ఆరు డబ్బాలు అలాగే పోయాయి.

వరుసగా మూడు రోజులు పలకని నంబరును రిజిస్టరు నుంచి కొట్టేయాలి. నంబరు పోతే జతపరచినది కూడా పోతుంది. రెండు రోజులు గడిచాక సామ్రాజ్యం టీచరు మా ఏడుగురు తల్లులనూ వరండాలోకి పిలిచింది. నంబరు చదివినప్పుడు పలకాలని రూలులో ఉంది గానీ, ఎవరు పలకాలో రాయలేదని చెప్పింది.

ఆ సాయంత్రం చరిష్మను ఒళ్లో కూర్చోబెట్టుకుని నేర్పాను. కె ఎల్ ఏడు సున్నా నాలుగు నాలుగు తొమ్మిది రెండు. నాలుగు రెండుసార్లు ఎందుకమ్మా అని అడిగింది. ఉంది కాబట్టి అన్నాను. అన్నం ముద్ద ముద్దకూ చెప్పించాను. జడ వేస్తూ చెప్పించాను. నిద్రలోంచి లేపి అడిగినా చెప్పేదాకా వదల్లేదు. మర్నాడు టీచరు నంబరు చదివింది. మా పిల్ల లేచి నిలబడి పలికింది. హాజరు పడింది.

ఆగస్టులో పరాంకుశం గారు తనిఖీకి వచ్చారు. అప్పటికి పలికే దీపాలు ఐదే మిగిలాయి, మిగతా పాతిక మందీ పిల్లలే. ఆయన అది గమనించినట్టు లేదు. బెంచీల మధ్య నడుస్తూ మా అమ్మాయి దగ్గర ఆగారు. కిటికీ చువ్వలు పట్టుకుని నేను బయట నిలబడి ఉన్నాను.

“నీ పేరేమిటమ్మా?”

“కె ఎల్ ఏడు సున్నా నాలుగు నాలుగు తొమ్మిది రెండు” అంది చరిష్మ, గుక్క తిప్పుకోకుండా.

ఆయన ముఖం వెలిగింది. టీచరు వైపు తిరిగి, ఒకప్పటి మందగతి గృహం నుంచి వచ్చిన ఫలితం ఇదని, స్పందన వేగం ప్రశంసనీయమని, ఈ విజయాన్ని మిగతా మండలాలకు నమూనాగా పంపిస్తామని చెప్పారు. పిల్ల బుగ్గ తట్టి, అంతటితో ఆగక చప్పట్లు కొట్టించారు. పిల్లలందరూ కొట్టారు. బయట నేనూ కొట్టాను. మరుసటి వారం మా తలుపు మీది పసుపు చీటీ తీసి, ‘శీఘ్రగతి గృహం’ అని ఆకుపచ్చది అంటించి పోయారు.

ఆ తనిఖీ రోజు ఇంటికి వచ్చాక పిల్ల బయట అరుగు మీద కూర్చుని, సుగుణమ్మత్త మనవడికి ‘ఇ’ ఎలా దిద్దాలో పలక మీద చూపిస్తోంది. చేతిరాత గుండ్రంగా, ముద్దుగా వచ్చింది. పాలు కాచి గ్లాసులో పోసి, గుమ్మంలోకి వచ్చి, చరిష్మా అని పిలిచాను. దిద్దుతూనే ఉంది. ఇంకొంచెం గట్టిగా పిలిచాను. పక్కనున్న పిల్లవాడు తల ఎత్తి నా వైపు చూశాడు.

మూడోసారి నంబరుతో పిలిస్తే తిరిగింది.